మైనస్ రెండుతో భాగిస్తే

గౌరి పనిచేసే స్కూలు గజపతినగరం దాటాక రాయగడ రైలు పట్టాలకు ఆనుకుని ఉంటుంది. మూడంతస్తుల మేడ. ముందు నాలుగు పసుపు వ్యాన్లు. ఉదయం ఏడున్నరకల్లా వెళ్ళి గదులు తుడవడం, ఎల్‌కేజీ పిల్లల్ని వ్యాన్లలోంచి దింపుకోవడం, మధ్యాహ్నం వాళ్ళ క్యారేజీలు విప్పి పెట్టడం, గంట కొట్టడం ఆమె పని. పిల్లలు, టీచర్లు, ఆఖరికి వ్యాను డ్రైవర్లు కూడా ఆమెను ఆయమ్మా అనే పిలుస్తారు. తొమ్మిదో తరగతిలో ఉన్న శ్రావణి ఒక్కతే అమ్మా అంటుంది. మెట్ల మీద స్నేహితురాళ్ళతో దిగుతూ ఎదురుపడినా, "అమ్మా, నా బాటిల్లో నీళ్ళయిపోనాయి" అని గట్టిగా అంటుంది. తల్లి చేతిలో చీపురుందా, ఫినాయిల్ బకెట్టుందా అని ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు.

ఆయమ్మ కూతురని శ్రావణికి సగం ఫీజే. గౌరి ఆ పనిలో చేరడానికి కారణం కూడా అదే.

గౌరికి లెక్కలొచ్చన్న సంగతి ఆ స్కూల్లో ఎవరికీ తెలియదు. పదో తరగతిలో ఆమెకు లెక్కల్లో తొంభై ఆరు వచ్చాయి. ఊరి హైస్కూల్లో నరసింగరావు మాస్టారు కొత్త లెక్క మొదలుపెడుతూనే, "గౌరి తప్ప ఇంకెవరైనా చెప్పండర్రా" అనేవారు. ఇంటర్ ఎంపీసీలో చేరిన ఏడాదే తండ్రి పక్షవాతంతో మంచాన పడ్డాడు. మేనత్త కొడుకు జోగయ్యకు ఇచ్చి చేసేశారు. జోగయ్యకు ఎకరం వరి, మెట్ట పొలంలో కొంచెం మొక్కజొన్న. మంచివాడే. పెళ్ళాం ఎంత చదివిందని ఏనాడూ అడగలేదు.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం శ్రావణి పుస్తకం ముందు పెట్టుకుని పెన్ను కొరుకుతూ కూర్చుంది. గౌరి రాగిపిండి వేసి చోడి అంబలి కలిపి దించుతోంది.

"ఏటే, అన్నిసార్లు కొట్టేత్తన్నావు?"

"కాంపౌండ్ ఇనీక్వాలిటీసంట. పది లెక్కలిచ్చినాది మిస్. ఒక్కటీ రావట్లేదు."

గౌరి చేయి తుడుచుకుని వచ్చి పుస్తకం మీదకు వంగింది. ఇంగ్లీషు మాటలు అర్థం కాలేదు కాని గుర్తులు అవే. నరసింగరావు మాస్టారు వాటిని అసమీకరణాలు అనేవారు. ఇరవై ఏళ్ళయినా ఆ గుర్తులు చూడగానే తన వీధి మనుషుల్ని సంతలో చూసినట్టనిపించింది.

−5 ≤ 3 − 2x < 9

"ఇది ఒక్క లెక్క కాదే. రెండు లెక్కలు కలిపి కట్టేసినారు," అంది గౌరి. "నాను ఒకటడుగుతాను సెప్పు. నీ కన్నా పొడుగు, మీ నాన్న కన్నా పొట్టి. ఈ ఇంట్లో ఎవరు?"

"నువ్వు."

"రెండు మాటలూ నిజమయితేనే నాను. ఒక్కటి తప్పినా నాను కాదు. మరి మీ నాన్న కన్నా పొడుగు, నీ కన్నా పొట్టి. ఎవరు?"

శ్రావణి నవ్వింది. "ఎవరూ ఉండరు."

"అంతే. అలగొస్తే సాధన నేదని రాయాల. ముందు ఈ మూడుని పంపించెయ్యి. మూడు చోట్లా తీసెయ్యాల."

శ్రావణి తీసేసింది. −8 ≤ −2x < 6 వచ్చింది.

"ఇప్పుడు మైనస్ రెండుతో భాగించు. ఇక్కడే మోసం. రెండు పెద్దదా, అయిదు పెద్దదా?"

"అయిదు."

"రెండిటికీ ముందర మైనస్ పెట్టు. ఇప్పుడేది పెద్దది?"

శ్రావణి కాసేపు ఆలోచించి, "మైనస్ రెండు" అంది.

"సూసినావా, పెద్దది సిన్నదయిపోనాది. అందుకే మైనస్‌తోటి గుణించినా భాగించినా ఈ గుర్తు మూతి అటు తిరిగిపోతాది. తిప్పకపోతే లెక్కంతా పోనట్టే."

శ్రావణి మూతులు తిప్పి రాసింది. మైనస్ మూడు కన్నా పెద్దది, నాలుగుకి మించనిది. గౌరి అంతటితో ఊరుకోలేదు. "సున్నా పెట్టి సూడు. మూడొస్తాది. మైనస్ అయిదుకీ తొమ్మిదికీ మద్దిన ఉన్నాదా? ఉన్నాది. అయితే రైటే. ఎవరినీ అడగక్కర్లేదు. లెక్కే సెప్పేస్తాది నీకు."

పది లెక్కలూ అయ్యేసరికి అంబలి చల్లారిపోయింది. పడుకోబోయే ముందు శ్రావణి, "నువ్వు మిస్ కన్నా బాగా సెప్పినావమ్మా" అంది. మర్నాడు గదులు తుడుస్తున్నప్పుడు గౌరికి ఆ మాట రెండు మూడుసార్లు గుర్తుకొచ్చింది.

తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పేది పద్మకుమారి. ఇరవై ఆరేళ్ళుంటాయి. విజయనగరం నుంచి రోజూ బస్సులో వస్తుంది. చదివింది బీఎస్సీ బాటనీ. లెక్కల సారు సిరిమాను పండగ సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు. కొత్త సారు దొరికేదాకా చెప్పమని కరస్పాండెంట్ జగన్నాధం గైడు పుస్తకం ఆమె చేతిలో పెట్టారు. ఆ గైడు ముందు పెట్టుకుని తనకు అర్థమైనట్టు బోర్డు మీద వేస్తూ నెట్టుకొస్తోంది.

ఆ రోజు మూడో పీరియడ్‌లో గౌరి వరండా తుడుస్తోంది. తొమ్మిదో తరగతి తలుపు తీసే ఉంది. లోపలి నుంచి కూతురి గొంతు వినపడి చేయి ఆగింది.

"మిస్, నాకు పదిలో ఆరు రాంగ్ వేశారు. అవి రైటే మిస్."

"బోర్డు మీద చూడు. నాలుగు కన్నా పెద్దది, మైనస్ మూడు కన్నా చిన్నది. అలాంటి నంబరు ఉంటుందా? ఉండదు. నో సొల్యూషన్. అన్నిట్లోనూ నువ్వు సైన్ మార్చేశావు."

"మైనస్‌తో భాగిస్తే సైన్ మారుతుంది మిస్. జీరో పెట్టి చూడండి మిస్, వస్తుంది."

పద్మకుమారి గైడులోకి చూసింది. పేజీ తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"ఎవరు చెప్పారు నీకు ఇదంతా?"

"మా అమ్మ."

వెనక బెంచీ నుంచి ఒకడు కిసుక్కుమన్నాడు. "ఆయమ్మా?" అన్నాడు ఇంకొకడు. ఒక్కసారిగా క్లాసంతా నవ్వింది. పద్మకుమారి ముఖం ఎర్రబడింది. గుమ్మం పక్కన నీలం చీర అంచు ఆమెకు కనిపించినట్టుంది.

"ఆయమ్మా, ఇలా రా."

గౌరి తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"నీ కూతురికి లెక్కలు నువ్వు చెబుతున్నావంటగా. రా, వచ్చి ఇది చెయ్యి. నేనూ నేర్చుకుంటాను." పద్మకుమారి చాక్‌పీసు చాపింది.

బోర్డు మీద నిన్నటి లెక్కే ఉంది. నాలుగో వరసలో మూతి తిప్పకుండా వదిలేశారు. ఆ తప్పు గుమ్మంలోంచే గౌరికి స్పష్టంగా కనపడుతోంది. రెండు గీతలు మారిస్తే చాలు. నలభై మంది పిల్లలు తనవైపే చూస్తున్నారు. కిటికీ పక్క బెంచీలో శ్రావణి నిలబడే ఉంది. ఆ పిల్ల ముఖంలో భయం లేదు. అమ్మ వచ్చింది, ఇక తేలిపోతుందన్నట్టు చూస్తోంది.

గౌరికి నారాయణమ్మ గుర్తొచ్చింది. పోయిన నెలదాకా తనతోపాటే పనిచేసిన ఆయమ్మ. ఒక టీచరుకు ఎదురు చెప్పిందని జగన్నాధం ఆమెను ఆ పూటే పంపించేశారు. "ఆయాలు ఆయాల్లా ఉండాలి" అని మిగతా అందరినీ నిలబెట్టి మరీ చెప్పారు.

"నాకేటి తెలుసు మేడం," అంది గౌరి. "నాను సదువుకోనేదు. మా గుంట, సిన్నపిల్ల, ఏదో తెలక సెప్పినాది."

పద్మకుమారి చాపిన చేయి దించింది. "ఇంకెప్పుడూ అబద్ధాలు చెప్పకు శ్రావణీ. కూర్చో."

పిల్లలు మళ్ళీ నవ్వారు. శ్రావణి కూర్చోలేదు. తల్లి ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. పక్కపిల్ల చేయి పట్టి లాగితే కూర్చుంది. గౌరి వరండాలోకి వచ్చి బకెట్టు తీసుకుని మేడ మెట్లెక్కింది. తుడవాల్సిన వరండా సగం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చే ఆటోలో శ్రావణి డ్రైవరు పక్కన కూర్చుంది. రోజూ వెనక తల్లి ఒళ్ళో సంచి పడేసి కూర్చునేది.

జోగయ్యకు సంగతి గౌరే చెప్పింది. అతను పశువులకు గడ్డి వేస్తూ విన్నాడు. "మంచి పని సేసినావు," అన్నాడు. "మనకెందుకే ఆ గొడవ? పని పోతే గుంట సదువేటవుతాది?" గౌరి అనుకున్న మాటే అతనూ అన్నాడు. అయినా అతని నోట వినలేక లోపలికి వెళ్ళిపోయింది.

శ్రావణి అన్నం తినకుండా గోడవైపు తిరిగి కూర్చుంది.

"పాపా, అదికాదే. అక్కడ నాను ఏటి సెప్పగలను?"

"రైటు సెప్పొచ్చు కదా."

"సెప్తే మేడంకి తలకొట్టేసినట్టవదా? కరస్పాండెంట్ సారు ఊరుకుంటారా? నారాయణమ్మని సూడనేదా?"

"నువ్వు తెలీదన్నావు. మరి తెలీకుండానే నాకు సెప్పినావా?" శ్రావణి తిరిగి చూసింది. "లెక్కే సెప్పేస్తాది, ఎవరినీ అడగక్కర్లేదన్నావు. నువ్వే కదా అన్నావు."

గౌరి ముట్టని కంచం మీద మూత పెట్టింది.

మరుసటి వారం యూనిట్ టెస్టులో అలాంటి లెక్కలు మూడు ఇచ్చారు. శ్రావణి మూడింటికీ నో సొల్యూషన్ అని రాసింది. మూడింటికీ పూర్తి మార్కులు వచ్చాయి. ఇరవై అయిదుకి ఇరవై నాలుగు. ఆ పేపరు తెచ్చి గౌరి చేతికిచ్చి, "సంతకం పెట్టు" అంది. గౌరి మూడు లెక్కలూ చూసింది. పక్కన ఎర్ర సిరాతో టిక్కులున్నాయి. పేపరు తిప్పి వెనకవైపు సంతకం పెట్టింది.

తప్పు గోపి ఇంట్లో బయటపడింది. గోపి అదే క్లాసు పిల్లవాడు. వాళ్ళ నాన్న జూనియర్ కాలేజీలో లెక్చరర్. కొడుకు పేపరు మీదే పెన్నుతో లెక్కలు సరిచేసి, కింద "ఇది చెప్పినవారెవరు?" అని రాసి పంపాడు. జగన్నాధం పద్మకుమారిని గదిలోకి పిలిచి తలుపు వేశారు. అరుపులు మెట్లదాకా వినపడ్డాయి.

ఆ రోజు భోజనాల వేళ గౌరి మెట్ల కింది స్టోరు గదిలో ఫినాయిల్ డబ్బాలు సర్దుతోంది. పద్మకుమారి లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో గైడు, నోట్సు.

"గౌరక్కా," అంది. అప్పటిదాకా ఆమె నోట ఆ పేరు ఎప్పుడూ రాలేదు. "ఆ రోజు శ్రావణి చెప్పిందే రైటు. మీరే చెప్పారు కదా? నాకు తెలుసు. మీరు బోర్డు చూసిన చూపులోనే తెలిసిపోయింది."

గౌరి చేతిలోని డబ్బా కింద పెట్టింది.

"నేను బాటనీ చదివినదాన్ని అక్కా. లెక్కలు నాకు టెన్త్‌తోనే పోయాయి. రేపు క్లాసులో మళ్ళీ చెప్పమన్నారు సారు. మళ్ళీ తప్పయితే రావద్దన్నారు. మా నాన్నకు డయాలసిస్. వారానికి రెండుసార్లు విశాఖ కేజీహెచ్ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నా జీతం లేకపోతే..." మాట మధ్యలోనే ఏడ్చేసింది.

గౌరి బోర్లించిన బకెట్టు జరిపి, "కూకోండి మేడం" అంది.

పాత ప్రశ్నపత్రాల వెనక తెల్లవైపు లెక్క వేసి చూపించింది. నీ కన్నా పొడుగు, మీ నాన్న కన్నా పొట్టి. రెండు పెద్దదా, అయిదు పెద్దదా. మైనస్ పెడితే మూతి ఎందుకు తిరుగుతుంది. పద్మకుమారి తెలివైనదే. పది నిమిషాల్లో పట్టేసింది. తనే ఒక లెక్క వేసుకుని, సున్నా పెట్టి చూసుకుని, చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి గౌరికీ తెలియకుండానే నవ్వొచ్చింది. ఒకరికి లెక్క అర్థమయ్యే క్షణం పక్కనే కూర్చుని చూడటంలో ఉండే సుఖం ఆమెకు తెలుసు. కార్తీకమాసంలో ఆ ఒక్క సాయంత్రం చూసింది.

"ఒక్క మాట మేడం," అంది గౌరి, ఆమె లేచాక. "నా పేరొద్దు. మా గుంట ఆ రోజు సెప్పినది రైటేనని కలాసులో ఒక్క ముక్క అనండి. అబద్దాలు సెప్పినాదన్నారు కదా. అది తీసేయండి సాలు."

"తప్పకుండా అక్కా. రేపే చెబుతాను."

మర్నాడు సాయంత్రం గౌరి ఆటోలో కూతురి పక్కనే చోటు చేసుకుని కూర్చుంది. చాలారోజుల తర్వాత మనసు తేలికగా ఉంది.

"ఈరోజు లెక్కల కలాసులో ఏటి సెప్పినారే?"

"గైడులో ప్రింటింగ్ తప్పంట. మిస్ మళ్ళీ సెప్పినాది. గోపీ ఒక్కడే పట్టుకున్నాడని అందరిసేతా సప్పట్లు కొట్టించినాది."

"ఇంకేటీ అననేదా?"

"ఇంకేటంటాది?" శ్రావణి కాసేపు బయటకు చూసింది. రోడ్డు పక్క కోసిన వరి ఆరబెట్టి ఉంది. "నీ కన్నా పొడుగు, మీ నాన్న కన్నా పొట్టి, ఎవరని అడిగినాది గోపీని. మా అమ్మ అన్నాడు ఆడు."



శ్రావణి తిరిగి తల్లివైపు చూసింది. "ఆవిడికి నువ్వు సెప్పినావు కదా?"

"పాపా..."

"సెప్పినావు. ఎక్కడ సెప్పినావు?"

"స్టోరు రూములో," అంది గౌరి నెమ్మదిగా. "ఆవిడ ఏడిసినాదే. ఆళ్ళ నాన్నకి ఒంట్లో బాగోనేదంట. ఎలగ సెప్పకుండా ఉంటాను?"

"నానూ ఏడిసినాను," అంది శ్రావణి.

ఆటోలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. వాళ్ళు వింటున్నారని తెలిసి గౌరి ఊరుకుంది. ఇంటికెళ్ళాక చెప్పాలనుకుంది. ఇంటికెళ్ళాక శ్రావణి వినే చోట కూర్చోలేదు.

రెండ్రోజులాగి గౌరి పద్మకుమారిని మెట్ల దగ్గర అడిగింది. "మేడం, మా గుంట సంగతి..."

పద్మకుమారి అటూ ఇటూ చూసింది. "చెబుదామనే అనుకున్నాను గౌరక్కా. కానీ శ్రావణిది రైటంటే ఎవరు నేర్పారని మళ్ళీ అడుగుతారు. మీ పేరు వస్తుంది. మీకే ఇబ్బంది." అని, ఆమె చేతిని ఒకసారి నొక్కి, పైకి వెళ్ళిపోయింది.

కొత్త సారు రాలేదు. పద్మకుమారి వారానికి రెండుసార్లు స్టోరు గదిలోకి వస్తూనే ఉంది. త్రిభుజాలు, బహుపదులు, గ్రాఫులు. ఒక్కోరోజు గౌరికి పండు తెచ్చేది, ఒక్కోరోజు బిస్కట్లు. ఎవరైనా వస్తుంటే లేచి, "ఆయమ్మా, ఇక్కడ దుమ్ము చూడు" అనేది. ఆ మాట ఎందుకంటోందో గౌరికి తెలుసు. తెలిసినా ప్రతిసారీ గుచ్చుకునేది.

ఇంట్లో శ్రావణి లెక్కలు అడగడం మానేసింది. పుస్తకం తీసుకుని పక్కింటి అరుగు మీదకు పోయేది. ఒకసారి తప్పు వేస్తోందని గౌరికి దూరం నుంచే కనపడి, ఉండలేక వెళ్ళి, "మూడో వరస సూడు పాపా" అంది. శ్రావణి పుస్తకం మూసేసింది. "అదే రేపు మిస్ సెప్తాదిలే," అంది. ఆ మాటలో కోపం కూడా లేదు. అదే గౌరికి ఎక్కువ బాధగా ఉంది.

స్కూల్లో నీళ్ళ బాటిలు తనే నింపుకుంటోంది. తల్లి ఎదురైతే పక్కకు తప్పుకుంటోంది. స్నేహితురాళ్ళు ఉన్నా లేకపోయినా అమ్మా అని పిలవడం మానేసింది.

వేసవి సెలవులకు ముందు శ్రావణి తండ్రి దగ్గరికి వెళ్ళింది. పదో తరగతి ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతానంది.

"ఎందుకే? ఈ స్కూలు బాగున్నాది కదా. మీ అమ్మ కూడా అక్కడే ఉంటాది," అన్నాడు జోగయ్య.

"అందుకే," అంది శ్రావణి.

జోగయ్య అర్థం కాక భార్యవైపు చూశాడు. గౌరి పొయ్యిలో పుల్లలు సర్దుతూ తల ఎత్తలేదు. "దానిష్టం బావా," అంది. "గవర్నమెంటు స్కూల్లో పెద్ద సదువులు సదివిన మాస్టార్లే ఉంటారు. నాను సదువుకున్నదీ అలాటి స్కూల్లోనే."

"నువ్వు సదువుకున్నావేటి?" అన్నాడు జోగయ్య నవ్వుతూ. అతను వేళాకోళానికే అన్నాడు. శ్రావణి లేచి బయటకు వెళ్ళిపోయింది.

జూన్లో బడులు తెరిచారు. శ్రావణి ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న కొత్త పుస్తకాల సంచితో ఊళ్ళో బడికి నడిచి వెళ్తోంది. సగం ఫీజు కోసం చేరిన పని గౌరి మానొచ్చు. జోగయ్య కూడా అదే అన్నాడు, కావాలంటే మానెయ్యమని, కలుపులకు మనుషులు దొరకడం లేదని. గౌరి మానలేదు. ఎందుకంటే ఏం చెప్పాలో తెలియక, "సూద్దాం" అంది.

పద్మకుమారికి ఈ ఏడు పదో తరగతి ఇచ్చారు. లెక్కలు బాగా చెబుతుందని పేరొచ్చింది. మొదటి వారంలోనే స్టోరు గదికి వచ్చింది, కొత్త గైడుతో.

"శ్రావణి ఎలా ఉంది గౌరక్కా? మానిపించేశారట. మంచి పిల్ల."

వద్దు, ఇక రావద్దు అని చెప్పాలని గౌరి సెలవులంతా అనుకుంది. ఏ మాటలతో చెప్పాలో కూడా కూడబలుక్కుంది. పద్మకుమారి గైడు తెరిచి ముందు పెట్టింది. వర్గ సమీకరణాలు. ఒక లెక్క పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టి ఉంది.

గౌరి చూపు లెక్క మీద పడింది. మొదటి వరస చదివింది, రెండోది చదివింది. లోపల ఏదో తనంతట తానే కదిలింది. తనను లెక్క అడిగే మనిషి ఈ లోకంలో ఇప్పుడు ఈవిడ ఒక్కతే.

చేతులు చీరకు తుడుచుకుని బకెట్టు బోర్లించింది.

"పెన్ను ఇలగివ్వండి," అంది.